నెగిటివ్ పుట్టిన ఊరు

తెనాలిలో ముప్ఫై నాలుగేళ్లు ఫోటో స్టూడియో నడిపాను. 1977లో గ్లాసు తలుపు మీద పేరు రాయించి మొదలుపెట్టాను, 2011లో షట్టరు దించేశాను. మధ్యలో ఈ వేళ్లు ఎన్ని వేల నెగిటివ్‌లు పట్టుకున్నాయో లెక్క లేదు. ఆ నెగిటివ్ అనేది ఫలానా ఊళ్లో, ఫలానా ఇంట్లో, ఒక కిటికీ ముందు పుట్టిందని మాత్రం అరవై ఎనిమిదో ఏట గాని నాకు తెలియలేదు. ఇంగ్లండులో, స్విండన్ అనే ఊళ్లో ఉంటున్న మా అమ్మాయి చెప్పింది. "నాన్నా, నువ్వు చూడాల్సిన ఊరొకటి మాకు దగ్గర్లోనే ఉంది, లేకాక్ అని. రెండు రాత్రులకి రూము తీశాను. నువ్వూ అమ్మా నెమ్మదిగా చూడండి. ఆదివారం మేం కారులో వచ్చి కలుస్తాం" అంది.

శుక్రవారం

స్విండన్‌లో రైలెక్కితే పావుగంటలో చిప్పెన్‌హామ్. అక్కడి నుంచి బస్సులో మరో పావుగంట. మా ఆవిడ పులిహోర డబ్బా, చిన్న సీసాలో ఆవకాయ సంచిలో పెట్టుకుంది. జూన్ నెల, ఎండ ఉంది కానీ స్వెటర్ విప్పబుద్ధి కాని ఎండ.

బస్సు దిగి రెండడుగులు వేశానో లేదో, ఏదో తేడాగా ఉందనిపించింది. ఏమిటో వెంటనే తట్టలేదు. కెమెరా పైకెత్తాక తెలిసింది. వైర్లు లేవు. స్తంభాలు లేవు, కేబుళ్లు లేవు, డిష్‌లు లేవు. పెళ్లి ఊరేగింపు తీసినా, గుడి గోపురం తీసినా, ఫ్రేములోకి అడ్డంగా వచ్చి పడే కరెంటు తీగలతో నా వృత్తి అంతా కొట్లాటే. ఇక్కడ తల పైకెత్తితే రాతిపలకల పైకప్పులు, ఆ పైన ఆకాశం, అంతే.

ఊరు చాలా చిన్నది. నాలుగు వీధులు ఒక చతురస్రంగా కలుస్తాయి, హై స్ట్రీట్, వెస్ట్ స్ట్రీట్, చర్చి స్ట్రీట్, ఈస్ట్ స్ట్రీట్. ఆగకుండా నడిస్తే ఇరవై నిమిషాల్లో చుట్టి రావచ్చు. మాకు మూడు గంటలు పట్టింది. ఒక ఇల్లు పూర్తిగా రాయి, పక్కది చెక్క చట్రాల మధ్య సున్నం పూసిన గోడ, దాని పక్కది ఇటుక. ఏ గోడా నిలువుగా లేదు. కొన్ని ఇళ్లు పక్కింటి భుజం మీద తలవాల్చి నిద్రపోతున్నట్టున్నాయి. చర్చి స్ట్రీట్‌లో ఒక ఇంటి చివరి గోడలో రెండు పెద్ద వంపు దూలాలు నేల నుంచి కొప్పు దాకా లేచి, పైన ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పద్నాలుగో శతాబ్దం నాటి కట్టడమట. చెట్టు ఏ వంపు తిరిగి పెరిగిందో ఆ వంపునే వాడుకున్నారు.

ఇంత పాత ఊరు ఇలా ఎలా మిగిలింది? ఒకప్పుడు ఇది ఉన్ని వ్యాపారం మీద బాగా బతికిన ఊరు. హై స్ట్రీట్ అంత వెడల్పుగా ఉండటానికి కారణం అక్కడ సంత జరగడమే. తర్వాత బట్టల వ్యాపారం వేరే చోట్లకి తరలిపోయింది. డబ్బు రావడం ఆగింది కాబట్టి పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టే అవసరం ఎవరికీ రాలేదు. పైగా ఊరూ, దాని అంచునున్న పాత మఠమూ అన్నీ టాల్బట్ అనే ఒకే కుటుంబం చేతిలో ఉండిపోయాయి. ఆ వంశంలో ఆఖరి యజమానురాలు మటిల్డా టాల్బట్ 1944లో మఠంతో పాటు దాదాపు ఊరంతా, పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చేసింది. ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నవాళ్లు ట్రస్ట్‌కి అద్దె కట్టుకుంటూ కాపురాలు చేసుకుంటున్నవాళ్లే. బడి ఉంది, బేకరీ ఉంది. ఒకావిడ గుమ్మం ముందు గులాబీ తీగని మేకుకి కట్టుకుంటోంది. మ్యూజియంలా మూసిపెట్టకుండా ఊరిని ఊరుగానే ఉంచారు. నాకు నచ్చింది అదే.

ఒక ఇంటి అరుగు మీద నాలుగు జామ్ సీసాలు, పక్కన చిల్లు పెట్టిన డబ్బా. మనిషి లేడు. సీసా తీసుకుని డబ్బులు డబ్బాలో వేసి వెళ్లాలన్నమాట. మా ఆవిడ చిల్లర మూడుసార్లు లెక్కపెట్టి వేసింది. "తక్కువేస్తే ఎవరు చూస్తారని కాదండీ, చూడకపోయినా తక్కువ పడకూడదు" అంది.

ఈస్ట్ స్ట్రీట్‌లో పెద్ద ధాన్యపు కొట్టు ఉంది. పంటలో పదో వంతు మఠానికి కొలవాలి, అది నిలవచేసిన చోటు. లోపల చల్లగా, చీకటిగా, మట్టి నేల. దూలాల మధ్య నుంచి పడే వెలుతురు చూస్తూ అక్కడే నిలబడిపోయాను. దాని మూలనే గుండ్రటి రాతి గది ఒకటి, పైన గుమ్మటం, చిన్న తలుపు, కిటికీ అన్నదే లేదు. తాగి అల్లరి చేసినవాళ్లని రాత్రికి అందులో వేసేవారట. జార్జ్ ఇన్ అనే పాత పూటకూళ్ల ఇంట్లో పొయ్యి పక్కన గోడకి ఇప్పటికీ ఒక చెక్క చక్రం ఉంది. అందులో చిన్న కుక్కని ఎక్కించి పరుగెత్తించేవారు. చక్రం తిరిగితే, దానికి కట్టిన ఊచ తిరిగి, నిప్పు మీద మాంసం సమంగా కాలేది. గానుగెద్దుని చూసి పెరిగినవాణ్ని. ఆ చక్రం కొలత చూస్తే కుక్క ఎంత చిన్నదో అర్థమై కాసేపు మనసు అదోలా అయింది.

రూము మేడ మీద. తలుపు దగ్గర నడుము వంచాలి. నేల వాలుగా ఉంది. మంచినీళ్ల సీసా కింద పడితే దానంతటదే దొర్లుకుంటూ కిటికీ దాకా వెళ్లి ఆగింది. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు పోలేదు. ఊరి చివర వాగు మీద పాతకాలపు సన్నటి రాతి వంతెన ఉంది, సరుకుల గుర్రాలు దాటడానికి కట్టింది. దాని మీద కూర్చుని పులిహోర తిన్నాం. ఏటవాలుగా పడే పసుపు ఎండలో రాళ్లు తేనె రంగులోకి మారాయి. ఇలాంటి వెలుతురు మన దగ్గర సాయంత్రం పావుగంట దొరికితే గొప్ప. ఇక్కడ రెండు గంటలు అలాగే నిలబడింది.

శనివారం

మా ఆవిడకి శనివారం ఒంటిపూట. టీ తాగి బయల్దేరాం. ఊరి అంచునే మఠం. పచ్చిక మైదానం, పెద్ద చెట్లు, వెనక లేత రంగు రాతి భవనం. ఒక మూల ఎనిమిది పలకల బురుజు. పూర్వం ఈ చోటుని నత్తల మైదానం అనేవారట.

దీన్ని కట్టించింది ఎల్లా అనే ఆవిడ, సాలిస్‌బరీ జమీందారిణి. భర్త విలియం లాంగెస్పే, రెండో హెన్రీ రాజుకి పెళ్లి కాకుండా పుట్టిన కొడుకు. ఆయన 1226లో చనిపోయాడు. ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఈ విల్ట్‌షైర్ జిల్లాకి షెరీఫ్‌గా కూడా పనిచేసింది. పదమూడో శతాబ్దంలో ఒక ఆడమనిషి జిల్లా అధికారం చేతిలోకి తీసుకుందంటే ఆవిడ ఎంతటిదో ఆలోచించండి. 1232 ఏప్రిల్ 16న, ఒకే రోజు రెండు మఠాలకి పునాది వేసింది. మగ సన్యాసులకి హింటన్‌లో ఒకటి, కన్యాస్త్రీలకి ఇక్కడ ఒకటి. కొన్నేళ్లకి తనే ఇక్కడ కన్యాస్త్రీగా చేరింది, ఆపైన మఠాధిపతి అయింది. 1261లో ఇక్కడే పోయింది.

మధ్యలో పెరడు, చుట్టూ నాలుగు పక్కలా రాతి వసారాలు. పైకప్పులో రాతి కమానులు కొమ్మల్లా విచ్చుకుని, అవి కలిసే ప్రతి ముడి దగ్గరా ఒక చెక్కడం. ఒకచోట జంతువు, ఒకచోట ముఖం, ఒకచోట ఆకు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. కమానుల్లోంచి వెలుతురు నేల మీద చాపలు పరిచినట్టు పడుతోంది. సినిమావాళ్లు ఇక్కడ చాలా షూటింగులు చేశారంటే చేయరా మరి.

వసారా పక్కనే చలికాచుకునే గది. వంటిల్లు లాంటివి వదిలేస్తే కన్యాస్త్రీలకి నిప్పు దొరికే చోటు అదే. అందులో మనిషి కూర్చోగలిగినంత కంచు గంగాళం ఉంది. 1500లో ఇప్పటి బెల్జియంలోని మెకెలన్‌లో పోత పోశారని దాని మీదే రాసి ఉంది. మా ఆవిడ దాని అంచు చూసి, "మా అమ్మమ్మగారింట్లో పెళ్లిళ్లకి వాడే గంగాళానికి కూడా ఇట్టాగే పెదవి మడత ఉండేది" అంది. దగ్గరికి వంగి చూశాను. నిజమే. అంచు పలచగా వదిలేస్తే నొక్కుకుపోతుందని బయటికి మడిచి మందం చేశారు. అక్కడి పోతవాడికైనా ఇక్కడి కంచరికైనా తట్టిన ఉపాయం ఒకటే.

ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించినప్పుడు 1539లో దీన్నీ మూసేశారు. విలియం షారింగ్టన్ అనే ఆయన 783 పౌన్లకి కొనుక్కున్నాడు. ఈయన బ్రిస్టల్ టంకశాలలో అధికారి, నాణేల్లో మోసం చేసి పట్టుబడి, క్షమాభిక్షతో బయటపడిన మనిషి. కొనగానే మఠం చర్చిని నేలమట్టం చేశాడు. వసారాలు, కింది గదులు మాత్రం ఉంచి, వాటి మీదే ఇల్లు కట్టుకున్నాడు. ఆయన తమ్ముడి కూతురు ఆలివ్, టాల్బట్ ఇంటి అబ్బాయిని ప్రేమించి, గోడ పైనుంచి అతని చేతుల్లోకి దూకిందని, అతను స్పృహతప్పి పడిపోయాడని, ఇక చేసేది లేక పెళ్లి చేశారని ఊళ్లో చెప్పుకుంటారు. అలా ఈ ఇల్లు టాల్బట్‌లకి వచ్చింది.

ఇక నేను వచ్చింది దేనికోసమో అది మేడ మీద ఉంది.

దక్షిణపు గ్యాలరీ అంటారు. పొడుగాటి హాలు, గోడలకి పాత చిత్రపటాలు. మధ్యలో బయటికి పొడుచుకొచ్చిన కిటికీ. చిన్న చిన్న అద్దపు పలకలు సీసపు తీగలతో అల్లినట్టుంటాయి. ఎవరూ చెప్పకపోతే దాటి వెళ్లిపోయేవాణ్నే. దాని పక్కన చిన్న ఫ్రేము కట్టి పెట్టారు. 1835 ఆగస్టులో ఈ ఇంటి యజమాని విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఈ కిటికీని ఫోటో తీశాడు. కెమెరాతో తీసిన నెగిటివ్‌లలో ఇప్పటిదాకా మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది అదే. తపాలా బిళ్లకి కాస్త పెద్దది. అసలు కాగితం బ్రాడ్‌ఫర్డ్‌లోని మ్యూజియంలో భద్రంగా ఉంది, ఇక్కడున్నది నకలు.

నకలే అయినా కళ్లద్దాలు తుడుచుకుని ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లాను. బయటి వెలుతురు వచ్చిన అద్దాలు ముదురు రంగులో, వాటి మధ్య గీతలు తెల్లగా ఉన్నాయి. ఎండ నలుపుగా, నీడ తెలుపుగా. డార్క్ రూములో ఎర్ర బల్బు కింద, క్లిప్పుకి వేలాడుతూ నీళ్లు కారుతున్న ఫిల్ము ఎలా ఉండేదో అచ్చం అలాగే. గొంతులో ఏదో అడ్డం పడింది. కిటికీకి ఎదురుగా కెమెరా పెట్టకూడదు, మనిషి నల్లబడిపోతాడని నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లందరికీ మొదటి రోజు చెప్పిన పాఠం. ఆయన సరిగ్గా కిటికీకి ఎదురుగానే పెట్టాడు. ఎందుకో అక్కడ నిలబడితే తెలిసింది. ఆ రోజుల్లో ఆ కాగితానికి చాలా వెలుతురు కావాలి, ఇంట్లో అంతకు మించి వెలుతురు ఇంకెక్కడా లేదు. అంత వెలుతురు ఎందుకుందంటే ఆ కిటికీ అవతల ఇప్పుడు ఖాళీ పచ్చిక. ఒకప్పుడు చర్చి ఉన్న చోటు అదే. షారింగ్టన్ దాన్ని కూలగొట్టకపోతే ఈ గోడ మీద ఎండ పడేదే కాదు. చర్చి పోయినందుకు బాధపడాలో, ఎండ వచ్చినందుకు సంతోషించాలో తెలియక అలా చూస్తూ ఉండిపోయాను.

కొత్తగా తీసినప్పుడు భూతద్దం పెడితే దాదాపు 200 పలకలు లెక్కపెట్టగలిగేవాళ్లమని టాల్బట్ ఆ నెగిటివ్ పక్కనే తన చేత్తో రాసుకున్నాడు. అది చెప్పగానే మా ఆవిడ అసలు కిటికీ ముందు నిలబడి వేలితో లెక్కపెట్టడం మొదలెట్టింది. ఆవిడ ఊరికే వచ్చిన తోడు కాదు. మా స్టూడియోలో ప్రింట్లు కడిగి, ఆరేసి, అంచులు కత్తిరించింది ఆవిడే. నెగిటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మొహం మీది మచ్చలు దిద్దే పని నాకన్నా ఆవిడకే బాగా వచ్చు. నూట ముప్ఫై దాకా వెళ్లి, ఎవరో అడ్డొస్తే లెక్క తప్పి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

గేటు దగ్గర పాత కొట్టాన్ని టాల్బట్ మ్యూజియం చేశారు. మిగతా మధ్యాహ్నమంతా అక్కడే. 1833లో పెళ్లయిన కొత్తలో ఇటలీలో కోమో సరస్సు దగ్గర బొమ్మ గీయబోయాడు, చెయ్యి తిరగలేదు. ఆ దృశ్యం తనంతట తానే కాగితం మీద పడిపోతే ఎంత బాగుంటుందని ఆలోచన పుట్టింది అక్కడే. ఇంటికొచ్చి మంచి కాగితాన్ని ఉప్పునీళ్లలో ముంచి ఆరబెట్టి, దాని మీద సిల్వర్ నైట్రేట్ పూశాడు. వెలుతురు తగిలిన చోట నల్లబడింది. చిన్న చిన్న చెక్కపెట్టెలకి కటకాలు బిగించి ఇంటి చుట్టూ పెట్టేవాడు. భార్య కాన్‌స్టెన్స్ వాటిని ఎలుకబోనులు అనేది. 1839 నాటికి ఆవిడ కూడా చేతులు తడుపుకుని ఈ పనిలోకి దిగింది. ఫోటో ప్రయత్నం చేసిన మొదటి ఆడమనిషిగా ఆవిడ్ని చెబుతారు. ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ, "ఆవిడ గోళ్లు కూడా నల్లబడే ఉంటాయి" అంది. సిల్వర్ నైట్రేట్ మరక చర్మం ఊడితే గాని పోదు.

1839 జనవరిలో పారిస్‌లో డాగెర్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతిని ప్రకటించారు. వెండి పూత రేకు మీద అద్దంలా మెరిసే బొమ్మ. చూడటానికి టాల్బట్ కాగితం దాని ముందు నిలబడదు, ఒప్పుకోవాలి. కానీ ఆ రేకు ఒక్కటే. పోతే పోయినట్టే. నెగిటివ్ ఉంటే మాత్రం ఎన్ని ప్రింట్లయినా వేసుకోవచ్చు. పాస్‌పోర్టు సైజు నాలుగు కాపీలు అడిగినా, పెళ్లికూతురి ఫోటో నలుగురు సంబంధాలవాళ్లకి పంపినా, మా కూడంతా ఆ ఒక్క తేడా మీదే నడిచింది. బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే హైపో సంగతి టాల్బట్‌కి చెప్పింది ఆయన స్నేహితుడు జాన్ హెర్షెల్. నెగిటివ్, పాజిటివ్ అనే మాటలు పెట్టిందీ ఆయనే. 1840లో టాల్బట్‌కి ఇంకో సంగతి తెలిసింది. కాగితం మీద పైకి ఏమీ కనిపించకపోయినా బొమ్మ లోపల ఉంటుంది, మందులో పెడితే పైకి వస్తుంది. ట్రేలో తెల్ల కాగితం మీద ముందు కనుబొమ్మలు, తర్వాత జుట్టు, తర్వాత మనిషి మొత్తం తేలి రావడం ముప్ఫై నాలుగేళ్లు చూసినా నాకు పాతబడలేదు.

ఒక్క విషయంలో ఆయన మీద నాకు మనస్తాపం ఉంది. 1841లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకుని స్టూడియోలవాళ్ల దగ్గర లైసెన్సు డబ్బులు అడిగాడు. 1852లో మిగతావాళ్లకి వదిలేసినా, పొట్టకూటికి మనుషుల ఫోటోలు తీసేవాళ్లకి మాత్రం వదల్లేదు. 1854లో లరోష్ అనే స్టూడియో యజమాని మీద టాల్బట్ కోర్టుకి వెళితే, అతను వాడే గాజు పలకల పద్ధతికి టాల్బట్ హక్కు వర్తించదని జ్యూరీ తేల్చింది. ఆ తీర్పు రాకపోతే మాలాంటి చిన్న స్టూడియోలు ఎంత ఆలస్యంగా వచ్చేవో.

ఒక ఫోటో దగ్గర ఇద్దరం చాలాసేపు ఆగాం. 1844లో ఇక్కడే తీసింది. సగం తెరిచిన తలుపు, గడప పక్కన ఆనించిన చీపురు, మేకుకి వేలాడే లాంతరు. మనిషి లేడు. ఇల్లు ఊడ్చి ఇప్పుడే లోపలికి వెళ్లినట్టుంది. చీపురు నీడ తలుపు మీద ఏటవాలుగా పడింది. ఆ నీడ ఆ కోణంలో పడటానికి ఆయన ఎండ కోసం ఎంతసేపు కాచుకుని ఉంటాడో నాకు తెలుసు.

రాత్రి రూములో నేనే కదిపాను. స్టూడియో మూసేసినప్పుడు బీరువాలో ఉన్న నెగిటివ్‌లన్నీ తూకానికి అమ్మేశాను. వాటిలో వెండి ఉంటుంది, తీసుకునేవాళ్లు వచ్చేవారు. అద్దె కొట్టు ఖాళీ చేయాలి, ఇంట్లో చోటు లేదు, డిజిటల్ వచ్చాక ఎవరడుగుతారులే అనుకున్నాను. మూడు నెలలకి ఒకతను ఇంటికొచ్చాడు. "అన్నా, మా నాన్న పోయాడు. పెద్దకర్మకి దండ వేయడానికి ఫోటో లేదు. మీ దగ్గర ఒకసారి తీయించుకున్నాడంట, నెగిటివ్ ఉంటుందా?" అన్నాడు. లేదని చెప్పలేక లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను. ఆ మొహం ఇప్పటికీ మర్చిపోలేదు. ఇక్కడ తపాలా బిళ్లంత కాగితం ముక్కని 1835 నుంచి దాచారు.

మా ఆవిడ లైటు తీయకుండా కాసేపు కూర్చుంది. తర్వాత చెప్పింది. "అన్నీ పోలేదండీ. ఆగ్ఫా పేపరు పెట్టెలు రెండింట్లో నేను తీసిపెట్టాను. ముసలివాళ్లవి. ఎప్పటికైనా ఎవరో ఒకరు వస్తారని. అతనొచ్చిన రోజు మీరు పడుకున్నాక వెతికాను, వాళ్ల నాన్నది లేదు. లేనప్పుడు మీకు చెప్పి ఏం లాభమని ఊరుకున్నాను."

ఆదివారం

పొద్దున్నే బేకరీ నుంచి వేడి రొట్టె వాసన వీధంతా. సెయింట్ సిరియాక్ చర్చిలో ప్రార్థన జరుగుతుంటే బయట ఆగి, అయ్యాక లోపలికి వెళ్లాం. తల్లితో పాటు ప్రాణం పోగొట్టుకున్న పసివాడి పేరు మీద కట్టిన చర్చి. షారింగ్టన్ సమాధి ఇందులోనే ఉంది. అక్కణ్నించి ఊరి శ్మశానానికి నడిచాం. టాల్బట్ 1877లో చనిపోయాడు, అక్కడే పడుకున్నాడు. మామూలు రాయి. మా ఆవిడ దారిలో కోసిన రెండు అడవిపూలు పెట్టింది. నేను చెప్పులు విప్పి నిలబడ్డాను.

పదింటికి అమ్మాయీ అల్లుడూ కారులో వచ్చారు. సాలిస్‌బరీ వెళ్లాం, ఎల్లా కథలో సగం అక్కడుంది కాబట్టి. 1220లో అక్కడి కెథడ్రల్‌కి, అంటే పెద్ద చర్చికి, పునాది వేసినప్పుడు ఎల్లా, ఆవిడ భర్త కూడా రాళ్లు వేశారు. కెథడ్రల్లో మొట్టమొదట పాతిపెట్టింది ఆయన్నే. గొలుసు కవచంతో, పొడుగాటి డాలుతో పడుకున్న రాతిబొమ్మ, డాలు మీద సింహాలు. 123 మీటర్ల శిఖరం చూసి అల్లుడు ఫోటోలు తీస్తున్నాడు, నేను ఆ డాలు దగ్గరే ఉన్నాను. పక్క మండపంలో, రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి మాగ్నా కార్టా పత్రం ఉంది, మిగిలిన నాలుగు ప్రతుల్లో ఒకటి. చీకటి గుడారంలాంటి దాంట్లో, వెలుతురు తగిలితే పాడవుతుందని, మసక దీపం కింద. 1225లో మళ్లీ వెలువరించిన దాని ప్రతి ఒకటి లేకాక్ మఠంలోనే ఏడు వందల ఏళ్లు ఉండిపోయింది. మటిల్డా దాన్ని కూడా యుద్ధం అయ్యాక దేశానికి ఇచ్చేసింది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఊరు ఇచ్చింది, ఇల్లు ఇచ్చింది, ఇదీ ఇచ్చింది.

బుధవారం

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం. అమరావతి రాళ్లు చూడకుండా తెనాలివాడు వెనక్కి వెళ్లలేడు. అద్దపు గోడ వెనక ప్రత్యేకంగా ఒక గది. పల్నాటి సున్నపురాయి, లేత బూడిద రంగు. స్తూపం, పూర్ణకుంభాలు, కోలాహలంగా జనం, ఏనుగులు, నడుము విరిచి నిలబడ్డ ఆడవాళ్లు. అమరేశ్వరుడి గుడి దగ్గర నేను తీసిన పెళ్లిళ్లకి లెక్క లేదు, ఆ ఊరి రాళ్లని మాత్రం ఇంత దగ్గరగా చూడటం ఇక్కడే. మద్రాసులో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించాడు. చాలా ఏళ్లు మద్రాసులో పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కించారు. అవి వెళ్లిపోకముందే, 1858లో, మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫర్ కెప్టెన్ లినేయస్ ట్రైప్ మద్రాసు మ్యూజియంలో వాటిని ఫోటోలు తీసి ఆల్బమ్ వేశాడు. ఒక నెగిటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీయొచ్చు కాబట్టే అలాంటి ఆల్బమ్ సాధ్యమైంది. లేకాక్ కిటికీ ముందు మొదలైన పని ఇరవై మూడేళ్లలో మన అమరావతి దాకా వచ్చింది. ఈ రాళ్లు మన దగ్గర లేవు. ఆ బాధ ఆ గదిలో నిలబడితే ఇంకా ఎక్కువవుతుంది. అవి మన గడ్డ మీద ఉండగా తీసిన బొమ్మలైనా మిగిలాయి.

మా ఆవిడ ఒక పలక ముందు నిలబడి అందులో మనుషుల్ని వేలితో లెక్కపెడుతోంది. నేను బయట మెట్ల మీదికి వచ్చి తెనాలిలో తమ్ముడికి ఫోన్ చేశాను.

"అటక మీద ఆగ్ఫా పేపరు పెట్టెలు రెండుంటాయి రా. నల్లదారంతో కట్టి ఉంటాయంట. వానలు ముదరకముందే దించు."

"ఏమున్నాయన్నయ్యా అందులో?"

"నెగిటివ్‌లు. ఒకదానికొకటి అంటుకుని ఉంటే లాగొద్దు, ఊడిపోతాయి. ఎండలో పెట్టకు. ఫ్యాను కింద, గుడ్డ మీద పరుచు. మీ వదినకి తెలుసు ఎవరెవరివో, మేం వచ్చాక పేర్లు రాస్తాం."